థెరపీ గదిలో నేనేం చేస్తాను, ఎందుకు చేస్తాను

మొదటిసారి థెరపీకి వచ్చేవాళ్లలో చాలామందికి ఒక ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అసలు మీరేం చదువుకున్నారు, నాతో ఏం చేయబోతున్నారు, దాంతో నాకు తగ్గుతుందని మీకెలా తెలుసు? మొహమాటం అడ్డొస్తుంది. ఎవరికీ చెప్పుకోలేనివి చెప్పుకుందామని వచ్చి, ఎదుటి మనిషిని ఇంటర్వ్యూ చేసినట్టు ఉంటుందేమోనని ఊరుకుంటారు. నేను మాత్రం ఆ ప్రశ్న అడిగి తీరాలంటాను, మీరు అడగకపోతే నేనే చెప్పాలంటాను. థెరపీలో నేను చేసే ప్రతి పనికీ కారణం మీకు తెలియాలి, అదీ మీకు అర్థమయ్యే మాటల్లో. ఎందుకు చేస్తున్నానో చెప్పలేని పని చేసే హక్కు నాకు లేదు. అందుకే నా చదువు, నా పద్ధతి, నేను చేయని పనులు అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ముందు ఆ మాటకి అర్థమేంటో చెప్పాలి, ఎందుకంటే చాలామంది నన్ను మందులు రాసిమ్మని అడుగుతారు. సైకియాట్రిస్టులు వైద్యవిద్య చదివిన డాక్టర్లు, మందులు వాళ్లే రాస్తారు. నేను చదివింది మనస్తత్వశాస్త్రం. పీజీ తర్వాత రోగులతో నేరుగా పనిచేస్తూ, సీనియర్ల పర్యవేక్షణలో మానసిక సమస్యలను గుర్తించడం, పరీక్షలు పెట్టడం, థెరపీ చేయడం నేర్చుకున్నాను. చదువు ఎన్నేళ్లు, డిగ్రీ పేరేంటి, లైసెన్స్ ఎవరిస్తారు అన్నవి దేశాన్ని బట్టి మారతాయి కానీ ఆ పర్యవేక్షణ మాత్రం ఎక్కడైనా తప్పదు. కౌన్సెలర్లు కూడా మంచి పని చేస్తారు, అయితే ఆ పేరు పెట్టుకోవడానికి కొన్నిచోట్ల ఏ అర్హతా అక్కర్లేదు, అందుకని ఎవరి దగ్గరికి వెళ్లినా ఏం చదివారు, లైసెన్స్ ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు.

మా వృత్తి మొదలైన తీరు నాకు చాలా ఇష్టం. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ అనే ఆయన మొట్టమొదటి సైకలాజికల్ క్లినిక్ తెరిచారు. ఆయన దగ్గరికి ముందుగా వచ్చింది, మిగతావన్నీ బాగానే వచ్చినా స్పెల్లింగులు రాని ఒక పిల్లవాడు. వాడికి తెలివి లేదని తేల్చేయకుండా విట్మర్ కళ్లు కూడా పరీక్ష చేయించారు, చూపులో లోపం బయటపడింది, అది సరిచేయించి ఆ తర్వాత చదవడం మీద కూర్చోబెట్టారు. ఇన్నేళ్లయినా మేం చేయాల్సింది అదే. డిప్రెషన్ అని వచ్చిన మనిషికి థైరాయిడ్ పరీక్ష చేయించారా, రక్తం తక్కువగా ఉందా, రాత్రిళ్లు గురక పెట్టి ఊపిరి ఆగినట్టయి లేస్తున్నారా, వేరే జబ్బుకి ఏవైనా మందులు వాడుతున్నారా అని నేను మొదటి సెషన్‌లోనే అడుగుతాను. మనసు గురించి మాట్లాడదామని వస్తే ఇదేంటి ఒంటి సంగతులు అడుగుతున్నారని కొందరు విసుక్కుంటారు. థైరాయిడ్ మందగించినప్పుడు వచ్చే నీరసం, దిగులు, మతిమరుపు పైకి చూస్తే డిప్రెషన్ లాగే ఉంటాయి, దాన్ని వదిలేసి నెలల తరబడి ఆలోచనల మీద పనిచేస్తే నష్టపోయేది మీరే.

నేను ఈ చదువులోకి వచ్చింది మనుషుల మీద జాలితో కాదు, కుతూహలంతో. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఒకరు ఫోన్ మోగితే ఉలిక్కిపడతారు, ఇంకొకరు లేచి మామూలుగా మాట్లాడతారు, ఎందుకలా అన్నది నన్ను వదిలేది కాదు. డిగ్రీలో తోటివాళ్లు భయపడే స్టాటిస్టిక్స్ నాకు బాగా నచ్చింది, మనసు లాంటి దాన్ని కూడా జాగ్రత్తగా కొలవొచ్చని, కొలిచినదాన్ని అనుమానించాలని కూడా అక్కడే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ట్రైనింగ్. అక్కడ కనబడేది పుస్తకంలో ఉన్నట్టు ఉండదు. స్కిజోఫ్రీనియాతో బాధపడుతూ చెవిలో వినబడే మాటలకి జవాబు చెప్తున్న మనిషి, తాగుడు మానేసిన మూడో రోజు చేతులు వణుకుతున్న మనిషి, నిద్ర అక్కర్లేదంటూ రాత్రంతా వార్డులో తిరిగే మనిషి, అక్షరాలు తిరగేసి రాస్తోందని తీసుకొచ్చిన చిన్నపిల్ల, సొంత కొడుకు పేరు గుర్తురాక నవ్వేసి మాట మార్చే పెద్దాయన, వీళ్లందరినీ ఒకే వారంలో చూస్తాం. తెలివితేటల పరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు పెట్టి రిపోర్టులు రాస్తాం. జబ్బు పేరు కంటే ముందు మనిషి ఆ రోజు ఎలా గడిపాడో అడగడం నాకు ఆ వార్డులోనే అలవాటైంది.

ట్రైనింగ్‌లో నన్ను ఎక్కువగా మార్చింది సూపర్‌విజన్. క్లయింట్ అనుమతితో సెషన్ రికార్డ్ చేసి, సీనియర్ ముందు కూర్చుని వినాలి. మా మేడమ్ టేపు మధ్యలో ఆపి ఒకటే ప్రశ్న వేసేవారు, ఎవరి సెషన్ అయినా సరే: "ఈ మాట ఆయన కోసం అన్నావా, ఆ నిశ్శబ్దం నువ్వు భరించలేక అన్నావా?" ఎదుటివాళ్లు ఏడుస్తుంటే వెంటనే ఏదో ఒక మంచి మాట చెప్పాలనిపించడం సహజం. కానీ ఆ మంచి మాట ఏడుపుని ఆపేస్తుంది, ఆ ఏడుపు వెనకాల రాబోతున్న అసలు సంగతి లోపలే ఉండిపోతుంది. ఇప్పటికీ కష్టమైన కేసులు సూపర్‌విజన్‌కి తీసుకెళ్తాను, పేర్లు, ఆనవాళ్లు తీసేసి. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఇంకా అది ఎందుకని కొందరు అడుగుతారు. కావాలి. మన దగ్గరున్న క్లయింట్లలో ఎవరు దిగజారుతున్నారో థెరపిస్టులు సరిగ్గా అంచనా వేయలేరని, తమ దగ్గర అందరూ మెరుగవుతున్నారనే అనుకుంటారని పరిశోధనల్లో తేలింది. అలాంటప్పుడు నా అనుభవం ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవడం న్యాయం కాదు.

ఇక పద్ధతి. నా పనికి మూలం సీబీటీ, అంటే ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే థెరపీ. దీన్ని తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆరన్ బెక్, 1960లలో. ఆయన మొదట, మనసు లోతుల్లో దాగినవాటిని వెతికే ఫ్రాయిడ్ దారిలో శిక్షణ పొందిన సైకియాట్రిస్ట్. డిప్రెషన్ అంటే లోపలికి తిరిగిన కోపమని అప్పట్లో ఆ దారిలో నమ్మేవాళ్లు, ఆయన దాన్ని రుజువు చేద్దామనే డిప్రెషన్‌లో ఉన్నవాళ్ల కలలు పరిశీలించారు. కోపం కనబడలేదు, ఓడిపోవడం, పోగొట్టుకోవడం, పనికిరాకుండా పోవడం కనబడ్డాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా వాళ్ల తలలో అవే మాటలు చకచకా తిరుగుతుంటాయని గమనించి, తాను నేర్చుకున్న సిద్ధాంతాన్నే పక్కనపెట్టారు. పరిశోధన వేరే చెప్తే మనసు మార్చుకోవడం అనే ఆ గుణమే నన్ను ఈ పద్ధతి వైపు లాగింది.

సీబీటీ అంటే పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పడం అనుకుంటారు. అది తప్పు, దానివల్ల చాలామంది అసలు థెరపీకే రాకుండా ఆగిపోతున్నారు. "మా బాస్ రెండు రోజుల నుంచి నాతో మాట్లాడట్లేదు, నన్ను తీసేస్తారు" అని మీరంటే, అలా ఏం జరగదులెండి అని నేను అనను. జరగొచ్చు కూడా. ఆ ఆలోచన వచ్చినప్పుడు మీరు ఎక్కడున్నారు, ఒంట్లో ఏమనిపించింది, ఆ తర్వాత ఏం చేశారు అని అడుగుతాను. మెయిల్ పంపడం మానేశాను, మీటింగ్‌లో వెనక్కి కూర్చున్నాను, రాత్రి నిద్ర పట్టక ఉదయం లేటుగా వెళ్లాను అంటారు. ఇవన్నీ కాగితం మీద రాస్తాం. ఆ ఆలోచనకి సాక్ష్యం ఏముంది, ఎదురు సాక్ష్యం ఏముంది, ఇంకో రకంగా అర్థం చేసుకోవచ్చా అని ఇద్దరం కలిసి చూస్తాం, చివరికి దాన్ని తేల్చుకోవడానికి ఒక చిన్న పని పెట్టుకుంటాం, రేపు ఆ మెయిల్ పంపి ఏమవుతుందో చూడడం లాంటిది. సీబీటీలో ఎక్కువ భాగం ఇదే, తెలుసుకోకుండా నమ్మేసినదాన్ని వెళ్లి తెలుసుకోవడం.

డిప్రెషన్ బాగా ముదిరినప్పుడు మాత్రం ఆలోచనల జోలికి ముందే వెళ్లను. మంచం మీంచి లేవలేని మనిషికి కాగితం ఇచ్చి సాక్ష్యాలు రాయమంటే అది ఇంకో ఓటమి అవుతుంది. నీల్ జేకబ్సన్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో సీబీటీని విడదీసి చూస్తే, రోజువారీ పనులు మళ్లీ మెల్లగా మొదలుపెట్టించే భాగం ఒక్కటే ఇచ్చినా, మొత్తం థెరపీ ఇచ్చినవాళ్లతో సమానంగా కోలుకున్నారు. కాబట్టి స్నానం, పది నిమిషాల నడక, ఒక స్నేహితుడికి ఫోన్, ఇలాంటి వాటితో మొదలుపెడతాం. మూడ్ బాగుంటే చేస్తాను అంటారు అందరూ. చేసిన తర్వాతే మూడ్ కొంచెం కదులుతుంది, అదీ మొదటి రోజే కదలదు. ఈ మాట ముందే చెప్పకపోతే మూడో రోజుకి వదిలేస్తారు.

పానిక్ అటాక్స్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అక్కడ నేను చేసేది బయటివాళ్లకి వింతగా కనబడుతుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఆడదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇప్పుడే చచ్చిపోతానేమో అనిపిస్తుంది. ఎమర్జెన్సీకి పరుగెత్తుతారు, ఈసీజీ బాగానే ఉందని పంపేస్తారు, వారానికి మళ్లీ అదే. 1986లో డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్ట్ దీనికి ఇచ్చిన వివరణ నేను ప్రతి ఒక్కరికీ బొమ్మ గీసి చూపిస్తాను. ఒంట్లో చిన్న మార్పు వస్తుంది, దాన్ని ప్రమాదం అనుకుంటాం, అనుకోగానే భయం, భయానికి గుండె ఇంకా కొట్టుకుంటుంది, అది చూసి నిజంగానే ప్రమాదం అని ఖాయం చేసుకుంటాం, ఇలా తిరుగుతూనే ఉంటుంది. బొమ్మ అర్థమైనంత మాత్రాన భయం పోదు. అందుకని, గుండెకి, ఊపిరితిత్తులకి ఏ సమస్యా లేదని డాక్టరు చెప్పాక, ఆ లక్షణాలను మేమే గదిలో కావాలని తెప్పిస్తాం.

సన్నటి స్ట్రా నోట్లో పెట్టుకుని, ముక్కు మూసి, ఒక నిమిషం దాంతోనే ఊపిరి తీసుకోవడం. తిరిగే కుర్చీలో గిరగిరా తిరగడం. నిలబడిన చోటే పరుగెత్తడం. ముందు నేను చేసి చూపిస్తాను, నాకూ కళ్లు తిరుగుతాయి, నా మొహమూ ఎర్రబడుతుంది. ఆ తర్వాత వాళ్లు చేస్తారు. స్ట్రా తీయగానే చాలామంది చేయి గుండె మీదకి పోతుంది, కళ్లు తలుపు వైపు, నీళ్ల బాటిల్ వైపు, బ్యాగులో ఉన్న టాబ్లెట్ల వైపు పోతాయి. అప్పుడు నేను అడిగేది "ఏమవుతుందని భయపడ్డారు? అదయిందా?" అని. మళ్లీ చేస్తాం, మళ్లీ అడుగుతాం. ఆ నీళ్ల బాటిల్ గురించి తప్పకుండా మాట్లాడతాం, అది లేకుండా బయటికి అడుగు పెట్టని మనిషికి తను బతికి బయటపడింది బాటిల్ వల్లేనన్న నమ్మకం లోపల ఉండిపోతుంది కాబట్టి. కొన్ని వారాలకి బాటిల్ ఇంట్లో పెట్టి, ఒంటరిగా లిఫ్టులో పై అంతస్తు దాకా వెళ్లొచ్చి మెసేజ్ పెట్టినప్పుడు నాకు కలిగే సంతోషం దాచుకోలేను, దాచుకోను కూడా.

ఓసీడీలోనూ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలకి భయపడి ఒకే పని మళ్లీ మళ్లీ చేసే జబ్బులోనూ, ఇదే దారి, ఇంకా కష్టంగా ఉంటుంది. 1966లో విక్టర్ మేయర్ రాసిన రెండు కేసులతో మొదలైన పద్ధతి అది: భయపెట్టేదాన్ని ముట్టుకోవడం, ఆ తర్వాత చేతులు కడుక్కోకుండా ఉండడం. ఇందులో ఇంట్లోవాళ్ల పాత్ర పెద్దది. "తలుపు వేశానా?" అని పదిసార్లు అడిగితే పదిసార్లూ ప్రేమతోనే "వేశావు" అంటారు, ఆ జవాబు ఒక క్షణం ఊరటనిచ్చి పదకొండోసారి అడిగేలా చేస్తుంది. అందుకే వాళ్లనీ ఒకట్రెండు సెషన్లకి పిలుస్తాను, క్లయింట్ ఒప్పుకుంటేనే.

పద్ధతి ఎంత గట్టిదైనా, కూర్చున్న మనిషి మీద నమ్మకం కుదరకపోతే పని జరగదు. కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్ట్ 1957లోనే చెప్పారు, థెరపిస్ట్ నటించకుండా ఉండడం, ఎదుటి మనిషిని షరతులు లేకుండా గౌరవించడం, వాళ్ల కళ్లతో చూడగలగడం, ఇవే మార్పుకి కావాల్సినవని, ఇవి చాలని. చాలు అన్న మాటతో నేను ఏకీభవించను, స్ట్రా లేకుండా ఆ పానిక్ అంత తొందరగా తగ్గేది కాదని నా నమ్మకం. కానీ కావాలి అన్నదాంట్లో నాకు సందేహమే లేదు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ దీన్ని నాకు ఇంకా పనికొచ్చేలా చెప్పారు: ఎక్కడికి వెళ్లాలో ఇద్దరికీ ఒకే మాట ఉండాలి, దానికి ఏం చేయాలో ఒకే మాట ఉండాలి, ఇద్దరి మధ్యా బంధం ఉండాలి. మొదటి రెండూ తరచుగా మర్చిపోతాం. తల్లి కోరుకునేది కొడుకు మార్కులు పెరగాలని, కొడుకు కోరుకునేది రాత్రి నిద్ర పట్టాలని, ఇద్దరూ నా ఎదురుగా కూర్చుంటే నేను పనిచేసేది ఎవరి కోరిక మీద? ఆ అబ్బాయితో విడిగా మాట్లాడి, నిద్రతో మొదలుపెడదామని తల్లికి విడమరిచి చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే ముందుకి వెళ్తాను.

ప్రతి కొన్ని సెషన్లకీ ఒక చిన్న ప్రశ్నాపత్రం ఇస్తాను. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, అందులో 9 ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 27. యాంగ్జయిటీకి జీఏడీ-7, 0 నుంచి 21. ఆ స్కోరు మీకు చూపిస్తాను, పాతదాని పక్కన పెట్టి. తగ్గకపోతే ఇద్దరం దాని గురించే మాట్లాడతాం. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి, తనను తాను గాయపరుచుకోవడం గురించి. దానికి సున్నా పెట్టినా సరే నేను నోటితో ఇంకోసారి అడుగుతాను. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు, అలా పుట్టదని పరిశోధనలు స్పష్టంగా చెప్తున్నాయి, పైగా అడిగినందుకు భుజాల మీంచి బరువు దిగినట్టు కూర్చునేవాళ్లనే ఎక్కువగా చూశాను. అవునంటే, ఆలోచన మాత్రమేనా, ఎలాగో కూడా అనుకున్నారా, ఆ వస్తువు ఇంట్లో ఉందా అని అడుగుతాను. ఉంటే దాన్ని ఇంట్లోంచి ఎవరు తీసేస్తారో, ఈ రాత్రి పక్కన ఎవరుంటారో, ఎవరికి ఫోన్ చేయాలో ఆ సెషన్‌లోనే కాగితం మీద రాసుకుని లేస్తాం. మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

మీరు చెప్పింది ఎవరికీ చెప్పను. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తాను: మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద హింస బయటపడినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. అప్పుడు కూడా వీలైనంత వరకు ముందు మీకు చెప్పి చేస్తాను. భర్త ఫోన్ చేసి ఆమె ఏం చెప్పిందని అడిగితే, ఆమె నా దగ్గరికి వస్తోందో లేదో కూడా నేను చెప్పను.

నేను చేయనివి కొన్ని ఉన్నాయి. విడాకులు తీసుకోవాలా, ఉద్యోగం మానేయాలా అంటే తీర్పు ఇవ్వను, మీరు తేల్చుకునేదాకా పక్కన కూర్చుని ఆలోచిస్తాను. స్నేహితులకి, బంధువులకి థెరపీ చేయను. మందులు ఆపమని ఎప్పుడూ చెప్పను, ఆపాలనిపిస్తే రాసిన డాక్టరుతోనే మాట్లాడమంటాను, హఠాత్తుగా ఆపితే ఇబ్బంది పెట్టే మందులు చాలా ఉన్నాయి. బైపోలార్‌లో, అంటే మూడ్ బాగా పైకీ కిందికీ ఊగే జబ్బులో, మనిషి ఉధృతంగా ఉన్నప్పుడు, లేదా లేని మాటలు వినబడుతున్నప్పుడు ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతాను, స్థిమితపడ్డాక నా పని మొదలవుతుంది. తనను తాను కోసుకోవడం, భావోద్వేగాలు ఒక్కసారిగా ఎగసిపడడం ప్రధాన సమస్య అయితే ఆ ఉధృతిని తట్టుకోవడం నేర్పే, మార్షా లినెహన్ రూపొందించిన డీబీటీ లాంటి థెరపీలో శిక్షణ ఉన్నవాళ్ల పేరు ఇస్తాను.

ఎన్ని సెషన్లు అంటారా, సీబీటీకి మామూలుగా 12 నుంచి 20, వారానికి ఒకటి, 50 నిమిషాలు. కొందరికి తక్కువ సరిపోతాయి, చిన్నప్పటి నుంచి దెబ్బలు తిన్నవాళ్లకి ఇంకా ఎక్కువ పడతాయి. మధ్యలో చేసుకోవాల్సిన పని ఉంటుంది, అది చేయలేకపోతే సెషన్ ఎగ్గొట్టకుండా రండి, ఎందుకు కుదరలేదన్నదే ఆ రోజు మాట్లాడుకుంటాం. నాలుగైదు సెషన్లయినా స్కోరు కదలకపోతే, లేదా నాతో మాట్లాడడం మీకు కుదరట్లేదనిపిస్తే నాతో అనండి. పద్ధతి మారుస్తాను, సూపర్‌విజన్‌లో అడుగుతాను, అప్పటికీ కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి పంపుతాను, ఇప్పటిదాకా ఏం చేశామో రాసిన సారాంశం మీ చేతికే ఇస్తాను, కొత్త మనిషి దగ్గర మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే పని లేకుండా.